ఎనిమిదో వంతు తక్కువ

ఉప్పుకట్ట ఆయుధశాల, మరమ్మతు పుస్తకం. రాస్తున్నది శలోమి.

211వ పాటు

ఏడో మంచె దగ్గర తుపాకీ ఆగిపోయింది. ఆ తుపాకీ నన్ను అప్పా అని పిలిచే మా చిన్న చెల్లెలు దీవెనది.

పాటు మొదలై సముద్రం వెనక్కి తగ్గగానే బురదలోంచి తొలుపు ఒకటి పైకి వచ్చింది. ఒకప్పుడు ఇసుక తోడడానికి చేసిన యంత్రాలు అవి. చేసినవాళ్ళు పోయారు. అవి మాత్రం ఎండ తాగుతూ, రోజుకొకసారి వచ్చే పగటి పాటులో గట్టు ఎక్కడ కనిపిస్తే అక్కడ తొలుస్తూ తిరుగుతున్నాయి. దాన్ని ఆపాలంటే కంట్లో మూడు తుపాకీ గుళ్ళు పడాలి. మొదటిది రెప్ప పగలగొడుతుంది, రెండోది అద్దం, మూడోది లోపలి తీగ. మూడూ రెండు ఊపిర్ల లోపల పడాలి. ఆలస్యమైతే రెండో రెప్ప మూసుకుంటుంది. ఆ తరువాత ఎన్ని కాల్చినా ఇనుము మీద వాన పడ్డట్టే.

దీవెన ఒకటి కాల్చింది. తూటాను లోపలికి నెట్టే బోల్ట్ సగం దాకా వెనక్కి వచ్చి తిరిగి ముందుకు పోయింది. కొత్త తూటా ఎక్కలేదు. చేత్తో లాగి మళ్ళీ నొక్కేసరికి రెప్ప మూసుకుంది. ఆమె జోడీ గురయ్య గునపం పట్టుకుని దిగి, దాని చక్రాల మధ్య పొడవబోయాడు. గట్టు విరిగి అతని మీద పడింది.

గురయ్యను తవ్వి తీసేసరికి పోటు మొదలైంది. నాలుగు నారుమళ్ళు ఉప్పునీళ్ళలో ఉన్నాయి.

దీవెన మోకాళ్ళ దాకా బురదతో వచ్చి తుపాకీ నా బల్ల మీద పెట్టింది.

"నొక్కేనప్పా. ఒట్టు. నొక్కితే ఏటీ నేదు. ఉత్తి టిక్కుమంది."

"ఒట్టు పెట్టకు. నొక్కేనని సెప్పు, సాలు."

"అందరూ నాను బెదిరిపోయేనంటన్నారు."

మూడు గుళ్ళు కాల్చని కాపలామనిషి కట్ట దిగాలన్నది ఇక్కడి నియమం. దిగడమంటే అవతలి ఉప్పుదిబ్బకు పోవడం. అక్కడికి పోయినవాళ్ళెవరూ రెండో వర్షాకాలం చూడలేదు. విచారణ 217వ పాటుకు అని కట్టపెద్ద సింహాద్రి వచ్చి చెప్పి వెళ్ళాడు. దీవెన మొహం చూడకుండా చెప్పాడు.

గురయ్య కోసం ప్రార్థన చేశాను. తరువాత తుపాకీ విప్పాను.

212వ పాటు

తుపాకీ శుభ్రంగా ఉంది. ఇది ముందు రాస్తున్నాను. ఎవరైనా ముందు అనే మాట అదే కాబట్టి.

గొట్టంలో ఉప్పు లేదు. బోల్ట్ మీద నూనె ఉంది. పేలిన తూటా ఖాళీ గుల్లను లాగే కొక్కెం అరగలేదు. తూటాలు పెట్టే మ్యాగజైన్ మార్చి చూశాను. పేలిన మందు ఆవిరి వెనక్కి వచ్చే సన్నగొట్టంలో చిల్లి లేదు.

ఇసుకగుంట దగ్గర పది కాల్చాను. మూడుసార్లు ఆగింది. ఆగని ఏడుసార్లు కూడా గుల్ల నా కాలి పక్కనే పడింది. మంచి తుపాకీ రెండు బారల దూరం విసురుతుంది. అంటే బోల్ట్‌కు వెనక్కి పోయే సత్తువ చాలడం లేదు.

భుజానికి ఆనే తుపాకీ మడమలో ఒక గొట్టం ఉంటుంది. అందులో స్ప్రింగ్, దాని ముందు బఫర్ అనే బరువు. గుండు పేలగానే బోల్ట్ ఆ బరువును తోసుకుంటూ చివరిదాకా వెనక్కి పోవాలి. స్ప్రింగ్ దాన్ని ముందుకు నెట్టాలి. వస్తూ వస్తూ అది కొత్త తూటాను ఎత్తుకోవాలి. సగం దారిలోనే తిరిగి వస్తే తూటా అందదు. ఇంతే సంగతి.

పాత పుటలు తిరగేశాను. గడిచిన నలభై పాట్లలో ఇలా ఆగినవి తొమ్మిది తుపాకులు. అంతకుముందు ఏడాది మొత్తానికి ఒకటి. మా బియ్యం తీసుకుని తూటాలు పంపే డిపోకు మూడుసార్లు రాశాను. మూడింటికీ కలిపి ఒక జవాబు ఈ రోజు పడవలో వచ్చింది.

"స్ప్రింగులు అలిసిపోయాయి. బలమైనవి పంపుతున్నాము. తుపాకులు తుడవడం కాపలావాళ్ళకు నేర్పించగలరు."

ముందు రాసిన మొదటి వాక్యం మళ్ళీ చదువుకున్నాను. మంచిపని చేశాను.

213వ పాటు

కొత్త స్ప్రింగులు వచ్చాయి. పాతవాటి కన్నా రెండు చుట్లు ఎక్కువ, తీగ కూడా లావు. దీవెన తుపాకీలో వేసి పది కాల్చాను. ఏడుసార్లు ఆగింది.

వెనక్కి పోలేని దాన్ని ముందుకు ఇంకా గట్టిగా నెడితే ఏమవుతుంది? డిపోలో కుర్చీలు ఉన్నాయి, బల్లలు ఉన్నాయి, ఫ్యాన్లు ఉన్నాయి. ఈ ఒక్క సంగతి ఆలోచించే మనిషి లేడు.

ఈ స్ప్రింగులు పెట్టెలోంచి తీయవద్దని పందొమ్మిది మంచెలకూ కబురు పంపాను.

మధ్యాహ్నం గురయ్య భార్య నరసమ్మ వచ్చింది. గడప లోపలికి రాలేదు.

"నీ సెల్లెలు సేతులు ఒణికినాయంట గదా?"

"సేతులు ఒణకలేదు నరసమ్మా. తుపాకీ ఆగింది."

"తుపాకీ ఆగితే తుపాకీని సూసీది నువ్వు గదా. మరి నిన్నేటనాల?"

ఆమె కొంగులోంచి గురయ్య బిళ్ళ తీసి గడప మీద పెట్టింది. కాపలాలో చేరిన రోజు ప్రతి మనిషి మెడలోనూ కట్టే సీసపు బిళ్ళ. మనిషి పోతే దాన్ని వాళ్ళింటి తుపాకీలో పెట్టడం మా ఆనవాయితీ. పోయినవాళ్ళు కూడా కాపలా కాస్తారని.

"బేగి ఎయ్యి. ఆడు కాళీగా ఉండనేడు" అని వెళ్ళిపోయింది.

ప్రార్థనకు కూర్చున్నాను. మాట రాలేదు. లేచాను.

214వ పాటు

డిపో పరిశీలకుడు భానోజీరావు వచ్చాడు. తెల్లచొక్కా, రబ్బరు బూట్లు. బూట్లకు బురద అంటకుండా ఇద్దరు చెక్కలు పరిచారు.

తుపాకీలోకి ఒక కన్ను మూసి చూశాడు. తిరగేసి చూశాడు. అది ఏ వైపు నుంచి చూడాలో నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఉప్పుగాలమ్మా. మీ ఆడవాళ్ళు సరిగా తుడవరు."

"తుడిచే ఉంది. సూడండి."

"ఇప్పుడు తుడిచుంటారు."

"బాబూ, తూటాల్లో మందేమైనా మారిందా?"

"అదే పెట్టె, అదే ముద్ర. మందు ఎందుకు మారుతుంది?"

"తూచి సూద్దుమా? పిల్లలకి మందులిచ్చే నర్సు దగ్గర తక్కెడుంది."

"డిపో సరుకు తూచే అధికారం మీకు లేదు" అన్నాడు. అడిగింది ఒకటి, జవాబు ఇంకొకటి. అతను చేతి రుమాలుతో వేళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆ వేళ్ళకు అంటింది ఏమీ లేదు.

యాభై నాలుగేళ్ళలో నేను ఒకరి మీద చెయ్యి ఎత్తలేదు. ఈ రోజు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

215వ పాటు

పాత పెట్టె అడుగున తొమ్మిది పాత తూటాలు దొరికాయి. ఒకటి విప్పాను, కొత్తది ఒకటి విప్పాను. తక్కెడ నర్సే పట్టుకొచ్చింది. ఎందుకని అడగలేదు.

పాతదానిలో మందు పదహారు పాళ్ళు ఉంటే కొత్తదానిలో పద్నాలుగు. ఇంకో ఐదు కొత్తవి విప్పాను. ఐదింట్లోనూ పద్నాలుగే. ఎనిమిదో వంతు తక్కువ. అదే పెట్టె, అదే ముద్ర.

గురయ్య మొహం గుర్తొచ్చింది.

కానీ పని సగంలో వదలకూడదు. ఆయుధశాలలో గోడకు ఉండే తుపాకీ తీసి, అదే తక్కువ మందు తూటాలు పది కాల్చాను. ఒక్కసారీ ఆగలేదు. గుల్లలు బారన్నర దూరం పడ్డాయి.

అంటే మందు ఒక్కటే కారణం కాదు. రెండు తుపాకులూ ఒకే రకం, ఒకే ఏడాదివి. తేడా ఎక్కడ? స్ప్రింగులు అటూ ఇటూ మార్చాను. తేడా లేదు. బఫర్లు మార్చాను. రోగం బఫర్‌తో పాటు ఇటు నుంచి అటు పోయింది. గోడ తుపాకీ ఆగింది. దీవెనది ఆగలేదు.

రెండు బఫర్లూ చెవి దగ్గర పెట్టి ఊపాను. గోడ తుపాకీది లోపల కటకటలాడింది. అలా ఆడాలి. లోపల మూడు ఇనుప దిమ్మలు, వాటి మధ్య రబ్బరు బిళ్ళలు, కదలడానికి కొంచెం చోటు ఉంటాయి. దీవెనది చప్పుడు చేయలేదు. చప్పుడు చేయని తుపాకీలో పోయినవాళ్ళు శాంతించారని ఇక్కడ అంటారు. నేనే చాలామందితో అన్నాను.

విప్పాను. రబ్బరు బిళ్ళల చోట మూడు సీసపు బిళ్ళలు ఉన్నాయి. మా నాయనది. మేనత్తది. నాకూ దీవెనకూ మధ్య పుట్టిన చెల్లెలు రూతుది. రూతుది నాలుగేళ్ళ కిందట నేనే పెట్టాను, మైనం పోసి, ప్రార్థన చేసి. ఎనభై అయిదు గ్రాములు ఉండాల్సిన బఫర్ నూట ఇరవై తూగింది.

ఆగిన తొమ్మిది తుపాకుల పేర్లు చూశాను. తొమ్మిదింట్లోనూ రెండో మూడో బిళ్ళలు ఉన్నాయి. అన్నీ నా చేతి మైనమే.

పూర్తి మందు ఉన్నన్నాళ్ళు ఆ బరువును తోసింది. వాళ్ళు తగ్గించారు. మాకు చెప్పలేదు. మేము బరువు పెంచాం. ఎవరినీ అడగలేదు.

216వ పాటు

దీవెనకు చెప్పాను. బల్ల మీద మూడు బిళ్ళలు, పక్కన తక్కెడ.

ముందు తక్కెడ చూసి ఎగిరింది. "దొంగ నాయాళ్ళు! ఎనిమిదో వంతు మింగీసినారా? రేపు ఆ బానోజీ బూట్లలో ఈ మందే పోసి ముట్టించీనా?"

"బూట్లు మంచివి. పాడుసెయ్యకు."

నవ్వబోయి బిళ్ళలు చూసింది. నవ్వు ఆగిపోయింది. "ఇవెందుకు తీసినావు?"

చెప్పాను. విన్నది. రూతు బిళ్ళ వేలితో తిప్పింది.

"చిన్నప్పని బైట పడెస్తావా?"

"తుపాకీలోంచి తీస్తాను."

"రేపు మందు సంగతొక్కటే సెప్పు. అది నిజిమే గదా. ఎనిమిదో వంతు తగ్గించినారు, తక్కెడుంది, నర్సు సాచ్చికం ఉన్నాది. నాను బైటపడతాను. బిళ్ళల మాట ఎవులికీ అక్కర్నేదు."

"అక్కర్నేదా? ఎనిమిది మంచెల మీద ఎనిమిది తుపాకులున్నాయి ఇలగే. ఎల్లుండి ఏ గురయ్య దిగుతాడో?"

"అయితే నెమ్మదిగా ఒక్కొక్కటి తీసీ, ఎవులికీ సెప్పకుండా."

"డిపోవోళ్ళు సేసిందదే."

ఆ మాటకు దీవెన బల్ల మీద గుద్దింది. తక్కెడ పళ్ళెం కింద పడింది. "ఆ గొట్టాలు మూసింది నువ్వప్పా! ఎవుల సేతులతో మూసినావని అడుగుతారు. నా బదులు నిన్ను దింపుతారు. నీకు తెలుస్తందా? నీ మోకాళ్ళతో ఆ దిబ్బ మీద రెండు నెల్లుంటావా నువ్వు?"

పళ్ళెం తీసి తుడిచి పెట్టాను.

"నీ ప్రార్థనలో దేవుడు ఇలగే సెప్పమన్నాడేటి?" అంది.

"దేవుడు ఏటీ సెప్పలేదు. తక్కెడ సెప్పింది."

వెళ్ళిపోయింది. తలుపు వేసిన చప్పుడుకు గోడ తుపాకీ కొక్కెం మీంచి జారింది.

ఆమె మీద కోపం లేదు. ఆ కోపమంతా వేరేచోటికి పోతోంది. అందులో సగం నా మీదికే వస్తోంది.

217వ పాటు

విచారణ ఏడో మంచె కిందనే పెట్టారు. విరిగిన గట్టుకు కొత్త మట్టి వేసి ఉంది. కట్ట జనం అంతా వచ్చారు. సింహాద్రి పీట మీద, భానోజీరావు కుర్చీలో. కుర్చీ అతనే పడవలో తెచ్చుకున్నాడు.

ముందు మందు తూచి చూపించాను. జనం గోల పెట్టారు. భానోజీరావు లేచాడు.

"ఆ తక్కెడ పిల్లల జ్వరం మందులు తూచేది. డిపో మందు మారలేదు. లోపం తుపాకీలోనే ఉంది, లేదా పట్టుకున్న చేతిలో ఉంది."

దీవెన తుపాకీ తీశాను. మూడు బిళ్ళలూ అందులో మళ్ళీ పెట్టి తెచ్చాను. పక్కన కొత్త తూటాల పెట్టె పెట్టాను.

"బాబూ, ఈ తుపాకీ ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ కాలస్తంది. ఇందులో ఆఖరి బిళ్ళ పడి నాలుగేళ్ళు. మొన్నటి దాకా ఆగలేదు. మందు మారకపోతే ఇప్పుడూ ఆగదు. పాటు మొదలవుతంది. మంచె ఎక్కండి. తుడవడం నాకు రాదన్నారు, మీరే తుడుసుకోండి. మూడు గుళ్ళు సాలు."

తుపాకీ ముందుకు పట్టుకుని నిలబడ్డాను. కోపం ఇంత తిన్నగా నిలబడుతుందని నాకు తెలియదు.

అతను తుపాకీ వైపు చూశాడు. నీళ్ళ వైపు చూశాడు. దూరంగా బురద కదులుతోంది.

"నేను కాపలావాణ్ణి కాదు."

"గురయ్య కూడా పుట్టినప్పుడు కాపలావోడు కాడు" అంది నరసమ్మ, జనంలోంచి.

అతను ఎంతకూ చేయి చాపలేదు. సింహాద్రి నా వైపు తిరిగి, "రాసుకోండమ్మా. పరిశీలకుడు తుపాకీ తీసుకోలేదు" అన్నాడు.

రాశాను.

అప్పుడు మిగతాది చెప్పాను. ఆ తుపాకీలోనే పాత తూటాలు మూడు కాల్చాను. పేలాయి. కొత్తవి కాల్చాను. రెండోది ఎక్కలేదు. అందరి ఎదుట బఫర్ విప్పి, బిళ్ళలు తీసి, రబ్బరు పెట్టి, కొత్తవే కాల్చాను. మూడూ పేలాయి. రూతు బిళ్ళ నా అరచేతిలో ఉంది.

"బిళ్ళలు పెట్టి మూసింది నేను" అన్నాను. "బరువెంతవుతుందని ఒక్కసారీ తూచలేదు. మందు పూర్తిగా ఉంటే ఇది బైటపడేది కాదు. బిళ్ళలు లేకపోతే మందు తగ్గినా గురయ్య పోయేవాడు కాదు. రెండూ కలిశాయి."

భానోజీరావు మొహం విప్పారింది. "చూశారా! మూఢాచారం. వాళ్ళే ఒప్పుకున్నారు."

"నువ్వు కూకో" అంది నరసమ్మ. అతను కూర్చున్నాడు.

పోయినవాళ్ళ మనిషిదే ఆఖరి మాట. అది కూడా ఇక్కడి నియమమే. నరసమ్మ నా ముందుకు వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"మొన్న నా మొగుడి బిళ్ళ నీకిచ్చేను. దాన్ని కూడా అందులో మూసీదానివేనా?"

"మూసేదాన్నే."

ఆమె పీట వైపు తిరిగింది. "పిల్ల తప్పు నేదు. పిల్లని దింపొద్దు" అంది సింహాద్రితో. తరువాత నా వైపు తిరిగింది. "నిన్ను దింపితే ఈ తుపాకులెవులు ఇప్పుతారు? ఇప్పు. అన్నీ ఇప్పు. ప్రతీ ఇంటోళ్ళనీ ఎదర కూకోబెట్టి ఇప్పు. ఆళ్ళు తిడతారు. తిట్టించుకో."

220వ పాటు

మూడు రోజుల్లో నలభై ఒక్క తుపాకులు విప్పాను. డెబ్బై మూడు బిళ్ళలు వచ్చాయి. ఒక్కొక్క పేరు వేరే కాగితం మీద రాశాను.

తిట్టించుకున్నాను. పదకొండో మంచె ముసలాయన పోలయ్య కొడుకు బిళ్ళ చేతిలో పెడితే, "ఇప్పుడీడు ఏటి సేస్తాడు?" అని అడిగాడు. తిట్టడం అంతకన్నా తేలిక.

దీవెన మూడు రోజులూ నాతో మాట్లాడలేదు. కానీ పక్కన కూర్చుని రబ్బరు బిళ్ళలు కోసి ఇచ్చింది, పాత చక్రం టైరులోంచి, ఒక్కటి కూడా వంకర లేకుండా.

ఈ మధ్యాహ్నం ఏడో మంచె దగ్గర తొలుపు వచ్చింది. ఆయుధశాలలోంచి విన్నాను. ఒకటి, రెండు, మూడు. ఊపిరి తీసుకునే సందు లేకుండా.

రూతు బిళ్ళ దీవెన మెడలో ఉంది. తనే కట్టుకుంది. నన్ను అడగలేదు.

226వ పాటు

డిపో నుంచి ఉత్తరం. "తుపాకులు ఇప్పుడు సక్రమంగా పనిచేస్తున్నాయని తెలిసి సంతోషం. కాబట్టి వచ్చే నెల నుంచి మందు మరికొంత తగ్గించే వీలు ఉన్నదేమో పరిశీలిస్తున్నాము."

రెండుసార్లు చదివాను. ఒక స్ప్రింగ్ తీసి బల్ల మీద పెట్టుకుని, ఇంకా తక్కువ మందుకు సరిపోయేలా ఎన్ని చుట్లు కోయవచ్చో చూశాను. తరువాత కత్తెర పక్కన పెట్టాను.

ప్రార్థన చేశాను. అందరి పేర్లూ చెప్పాను. భానోజీరావు పేరు దగ్గర ఆగాను. ఈ రోజు కూడా నోరు రాలేదు. దేవుడు క్షమించాలి, లేదా నన్ను అర్థం చేసుకోవాలి.

సింహాద్రితో మాట్లాడాను. ఆయన మంచెలన్నింటితో మాట్లాడాడు. సాయంత్రానికి జవాబు రాశాను. ఉత్తరం అడుగున మొదటి వేలిముద్ర నరసమ్మది, రెండోది దీవెనది. ముద్ర వేస్తూ దీవెన, "బాగా రాసినావప్పా. ఇంకా నాలుగు తిట్లు పడాల్సింది" అంది. పది రోజుల తరువాత అది మొదటి మాట.

ఉత్తరం నకలు ఇక్కడ ఉంచుతున్నాను.

"డిపోవారికి. తుపాకుల్లోంచి మా పోయినవాళ్ళను తీసేశాము. ఇక తీయడానికి అందులో ఏమీ లేదు. పూర్తి మందు పంపండి. అది వచ్చేదాకా మా పొలాల నుంచి మీకు వచ్చే ఎనభై కిలోల బియ్యం బస్తాలో డెబ్బై కిలోలే ఉంటాయి. అదే బస్తా, అదే ముద్ర. మీరు చెప్పకుండా తగ్గించారు. మేము చెప్పి తగ్గిస్తున్నాము."